మిషన్ ట్రిప్‌లో మొదటి రోజు: చెవులకు పని చెప్పండి

డిగ్రీ రెండో సంవత్సరంలో మొదటిసారి మిషన్ ట్రిప్‌కి, అంటే వేరే ఊళ్లో సేవ చేస్తూ యేసు గురించి చెప్పే ప్రయాణానికి, బయల్దేరినప్పుడు నా దగ్గర మూడు వందల కరపత్రాలు, బట్టీ పట్టిన సాక్ష్యం (నేను యేసును ఎలా నమ్ముకున్నానో చెప్పే మాటలు), కాళ్లకు కొత్త బూట్లు ఉన్నాయి. మధ్యాహ్నానికి బూట్లు కరిచాయి. సాక్ష్యం చెప్పమని ఎవరూ అడగలేదు. కరపత్రాల్లో సగం అలాగే వెనక్కి వచ్చాయి. ఇప్పుడు ఏటా నేనే కొంతమంది విద్యార్థులను తీసుకెళ్తున్నాను. రైలెక్కే ముందు వాళ్లకు ఏం చెబుతానో అదే ఇక్కడ రాస్తున్నాను.

ముందు సామాను సంగతి. మీ బ్యాగు మీరే మోసుకుంటూ నాలుగు అంతస్తుల మెట్లు ఎక్కగలగాలి. ఎక్కలేకపోతే ఏదో ఒకటి తీసేయండి. బూట్లు కనీసం రెండు వారాలు తొడిగి నడిచినవై ఉండాలి. బస చేసే చోటి అడ్రస్, టీమ్ లీడర్ నంబరు, మనల్ని పిలిచిన చర్చి సంఘం వాళ్ల నంబరు ఒక కాగితం మీద రాసి జేబులో పెట్టుకోండి. ఫోన్ ఛార్జింగ్ సరిగ్గా దారి తప్పిన రోజే అయిపోతుంది. మందులు వాడేవాళ్లు వాటి పేర్లు, పడని వాటి పేర్లు అదే కాగితం వెనక రాయండి. 18 ఏళ్లు నిండనివాళ్లు ఇంట్లోవాళ్లు సంతకం చేసిన అనుమతి పత్రం రెండు కాపీలు తేవాలి, ఒకటి లీడర్‌కి, ఒకటి మీ దగ్గరికి.

తర్వాత జతలు. యేసు డెబ్బై మందిని తనకంటే ముందుగా ఊళ్లకు ఇద్దరిద్దరిగా పంపాడని లూకా సువార్త 10వ అధ్యాయంలో చదువుతాం. మా టీమ్‌కి అది వాక్యమూ, హాజరు పట్టీ కూడా. మీ జత ఎవరో దిగకముందే తెలియాలి. ప్రాణస్నేహితురాలిని జతగా ఇమ్మని మాత్రం అడగకండి, రోజంతా మీలో మీరే మాట్లాడుకుంటారు. మెట్రోలో తలుపులు మూసుకుపోయి ఒకరు లోపల, ఒకరు ప్లాట్‌ఫామ్ మీద ఉండిపోతే పాటించాల్సిన నియమం ఒక్కటే: లోపలున్నవాళ్లు తర్వాతి స్టేషన్‌లో దిగి అక్కడే నిలబడాలి, బయటున్నవాళ్లు తర్వాతి రైల్లో అక్కడికి రావాలి. ఇద్దరూ వెతకడం మొదలుపెడితే ఇద్దరూ దొరకరు. ఒకసారి మా పిల్లలిద్దరు నలభై నిమిషాలు ఒకరి కోసం ఒకరు అటూ ఇటూ తిరుగుతూనే ఉన్నారు. నాకైతే ఆ నలభై నిమిషాలూ కడుపులో టెన్షనే.

చేరగానే అందరికీ ఒకటే తొందర, ఏదో ఒకటి చేసేయాలని. ఆగండి. బైబిల్లో, యెరూషలేము గోడలు మళ్లీ కట్టించడానికి వెళ్లిన నెహెమ్యా అక్కడికి చేరి మూడు రోజులు ఊరికే ఉన్నాడు. ఆ తర్వాత కూడా రాత్రిపూట కొద్దిమందితో వెళ్లి కూలిన గోడలు చూసి వచ్చాడే తప్ప, తన మనసులో ఏముందో ఎవరికీ చెప్పలేదు. అపొస్తలుడైన పౌలు ఏథెన్సులో వీధులు తిరిగి చూశాడు కాబట్టే తెలియబడని దేవునికి కట్టిన బలిపీఠం అతని కంట్లో పడింది. ఆ ఊరి సభ అరేయొపగులో ప్రసంగం దాన్ని పట్టుకునే మొదలుపెట్టాడు. మొదటి రోజు మన పని ఆ తిరగడమే.

కాబట్టి మొదటి గంట అక్కడి పాస్టర్ గారితో, సంఘం పెద్దలతో కూర్చోండి. వాళ్లు ఆ వీధుల్లో ఏళ్లుగా ఉన్నారు, మనం ఆరు రోజులు ఉంటాం. ఏ వీధికి ఏ వేళప్పుడు వెళ్లకూడదు, కరపత్రాలు పంచడానికి అక్కడ అనుమతి కావాలా, ఏ మాట అక్కడివాళ్లకు గుచ్చుకుంటుంది, మనకంటే ముందు వచ్చిన టీమ్ ఏం తప్పు చేసింది, ఇవన్నీ అడగండి. ఆఖరి ప్రశ్నకు జవాబు చెప్పడానికి వాళ్లు మొహమాటపడతారు. అయినా వదలకండి. ఆ ఒక్క జవాబు మీకు వారమంతా పనికొస్తుంది.

మధ్యాహ్నం నడక. ప్రేయర్ వాక్ అంటే కొందరు గుంపుగా చేతులెత్తి గట్టిగా ప్రార్థిస్తూ వెళ్తారు. నాకది నచ్చదు. ఎవరి గుమ్మం ముందో నిలబడి వాళ్ల వీధి గురించి దేవునికి ఫిర్యాదు చేస్తున్నట్టుంటుంది. కళ్లు తెరిచి, జతతో మెల్లగా నడవండి. ముసలివాళ్లు ఎక్కడ కూర్చుంటున్నారు, పిల్లలు ఎక్కడ ఆడుకుంటున్నారు, బోర్డులు ఎన్ని భాషల్లో ఉన్నాయి, రాత్రి పడుకోవడానికి ఎవరైనా దుప్పటి మడిచి దాచుకున్న చోటు కనిపిస్తోందా, గమనించండి. ప్రతి మలుపు దగ్గరా మనసులో ఒక్క వాక్యం ప్రార్థించండి, చాలు. నీనెవె నగరం మూడు దినాల ప్రయాణమంత పెద్దదని యోనా గ్రంథంలో ఉంది. మన షెడ్యూల్ వేసేవాళ్లు మాత్రం ఒక్క పూటలో నగరమంతా చుట్టేయమంటారు! నాలుగు వీధులు సరిగ్గా చూస్తే చాలు.

సాయంత్రం చాలా టీమ్‌లకు ఇల్లు లేనివాళ్లుండే ఏదో ఒక ఆశ్రయంలో భోజనం వడ్డించే పని ఉంటుంది. ఏ పని ఇస్తే అది చేయండి. “అక్కా, మనం ఇంత దూరం వచ్చింది ఉల్లిపాయలు తరగడానికా?” అని ఒక అబ్బాయి అడిగాడు. “అవును, సన్నగా తరుగు” అన్నాను. వడ్డన అయ్యాక గోడకు ఆనుకుని నిలబడకుండా వాళ్ల పక్కన కూర్చోండి. ముందు మీ పేరు చెప్పి, ఆ తర్వాత వాళ్ల పేరు అడగండి. రోడ్డు మీదికి ఎలా వచ్చారని అడగొద్దు, చెప్పాలనుకుంటే వాళ్లే చెబుతారు. ప్రార్థన వద్దన్నవాళ్లకు కూడా అన్నం అంతే ఆప్యాయంగా పెట్టాలి. ప్రార్థించమని అడిగితే, దేని గురించో కనుక్కుని, తల మీద చెయ్యి పెట్టొచ్చా అని అడిగి, రెండు మాటల్లో ముగించండి.

డబ్బు చేతికివ్వొద్దు, అవసరం ఏమిటో సంఘం వాళ్లకు చెప్పండి. అడగకుండా ఎవరినీ ఫొటో తీయొద్దు, పిల్లలనైతే అసలే వద్దు. ఏ చిన్నపిల్లతోనూ ఒంటరిగా గదిలో ఉండొద్దు. నువ్వెంత మంచివాడివైనా ఈ నియమం నీకూ వర్తిస్తుంది.

ఇక మాట ఇవ్వడం. నా మొదటి ట్రిప్‌లో ఒక పెద్దావిడ నా చెయ్యి పట్టుకుని వాళ్లబ్బాయి గురించి గంటసేపు చెప్పింది. లేస్తూ “రేపు మళ్లీ వస్తానమ్మా” అనేశాను. మర్నాడు మా టీమ్‌ని నగరానికి అవతలి కొసన వేశారు. మూడో రోజు అక్కడి సిస్టర్ చెప్పింది, ఆవిడ ముందు రోజు పొద్దుటి నుంచి గుమ్మంలో ఇంకో కుర్చీ వేసుకుని కూర్చుందట. వెళ్లి క్షమించమని అడిగాను. ఏం పర్లేదంది. కానీ కుర్చీ లోపల పెట్టేసింది. మీ చేతుల్లో లేని రేపటి గురించి ఎవరికీ చెప్పకండి. “మీతో మాట్లాడటం సంతోషంగా ఉంది” అంటే సరిపోతుంది.

రాత్రి టీమ్ అంతా కూర్చున్నప్పుడు మేం మూడే అడుగుతాం: ఏం చూశావు, ఎవరి పేరు తెలుసుకున్నావు, నీకు ఎక్కడ భయం వేసింది. ఏడుపొస్తే ఏడవండి, మొదటి రాత్రి సగం మందికి వస్తుంది. ఆ రాత్రే స్టేటస్ పెట్టేయాలనిపిస్తుంది కానీ, ఎవరి కష్టమో మీ ఫోన్‌లోకి ఎక్కించకండి. విన్న పేర్లు నోట్‌బుక్‌లో రాసుకోండి. పడుకునే ముందు సాక్సులు ఉతికి ఆరేయండి, రేపు ఇంకా ఎక్కువ నడవాలి.