స్టార్ కార్ రాతి పతకాన్ని మార్కాపురం పలక మీద తిరిగి చెక్కే పద్ధతి

ఇంగ్లండులోని నార్త్ యార్క్‌షైర్‌లో, స్కార్బరో పట్టణానికి సమీపాన ఉన్న స్టార్ కార్ అనే చోట జరిగిన తవ్వకాల్లో 2015లో ఒక చిన్న రాతి పతకం దొరికింది. అది షేల్ అనే పొరలరాతి ముక్క. కొలతలు 31 మి.మీ., 35 మి.మీ.; మందం 3 మి.మీ. ఆకారం ఇంచుమించు త్రిభుజం, ఒక మూలకు దగ్గరగా బెజ్జం, ఒక వైపున సన్నని గీతలు. సుమారు 11,000 ఏళ్ల నాటి ఈ పతకం బ్రిటన్‌లో తెలిసినంతవరకు మధ్య శిలాయుగపు కళకు అత్యంత పురాతనమైన ఉదాహరణ అని, యార్క్ విశ్వవిద్యాలయ ఆచార్యురాలు నికీ మిల్నర్, ఆమె సహచరులు 2016లో ప్రకటించారు. చిన్నది, చదునైనది, ఒకే వైపు గీతలున్నది కాబట్టి, రాతి మీద తొలిసారి చెక్కబోయేవారికి ఇది చాలా అనువైన నమూనా.

ఒకప్పుడు అక్కడ ఫ్లిక్స్‌టన్ అనే సరస్సు ఉండేది. అది క్రమంగా పూడిపోయి చిత్తడి నేలగా మారింది. ఆ సరస్సు అంచు బురదలో ఈ పతకం దొరికినప్పుడు చూసినవారికి అది మామూలు రాయిలాగే కనిపించింది. బెజ్జం మట్టితో పూడిపోయి ఉంది, గీతలు కంటికి ఆనలేదు. నకలు చేసేవారు మొట్టమొదట మనసులో పెట్టుకోవలసిన సంగతి ఇదే. మనం పత్రికల్లో చూసే ఫోటోల్లో గీతలు స్ఫుటంగా కనబడతాయి గాని, వాటిని అలా పట్టుకోవడానికి పరిశోధకులు డిజిటల్ సూక్ష్మదర్శినిని, వేర్వేరు కోణాల నుంచి వెలుతురు వేసి తీసిన చిత్రాలను కంప్యూటరులో కలిపి చూసే పద్ధతిని వాడవలసి వచ్చింది. ఫోటో చూసి లోతుగా చెక్కేస్తే మన చేతిలో తయారయ్యేది ఫోటోకు నకలే గాని పతకానికి నకలు కాదు.

నమూనాను చదవడం

పతకం గురించిన పరిశోధన వ్యాసాన్ని ఇంటర్నెట్ ఆర్కియాలజీ అనే పత్రిక 2016లో ప్రచురించింది. అందులోని చిత్రాలను ఎవరైనా ఉచితంగా చూడవచ్చు. ముందు గీతల చిత్రాన్ని నాలుగింతలు పెద్దదిగా ముద్రించుకుని, దాని మీద పలుచటి ట్రేసింగ్ కాగితం పరచి పెన్సిలుతో దిద్దండి. అలా దిద్దుతున్నప్పుడే గీతల అమరిక బోధపడుతుంది. కొన్ని పొడవాటి గీతలు, వాటి పక్కనుంచి ముళ్లలా పొడుచుకు వచ్చిన పొట్టి గీతలు ఉంటాయి. ఇలాంటి ముళ్ల గీతలు డెన్మార్క్‌లో దొరికిన అదే యుగపు వస్తువుల మీద విరివిగా కనిపిస్తాయి. అవి చెట్టును సూచిస్తాయా, ఆకునా, దారులు చూపే పటాన్నా, లెక్క పెట్టుకున్న గుర్తులా అన్నదాని మీద పండితుల్లో భిన్నాభిప్రాయాలున్నాయి. మీరు మాత్రం ఏదో ఒక అర్థాన్ని ముందే నిశ్చయించుకోకండి. ఇది చెట్టే అని మనసులో పడిన మరుక్షణం చేయి తనంతట తానే కాండాన్ని నిటారుగా, కొమ్మలను సమానంగా దిద్దేస్తుంది.

పెద్ద చిత్రం చేతికి పట్టుబడిన తరువాత అసలు కొలతలోనే ఇంకొకటి గీయండి. మూడున్నర సెంటీమీటర్లకు మించని చోటులో అన్ని గీతలు ఇమడ్చడం ఎంత ఇరుకైన పనో అప్పుడు తెలుస్తుంది. సౌకర్యం కోసం రాతిని పెద్దదిగా తీసుకుంటే ఈ ప్రయత్నంలోని సారమంతా పోతుంది.

రాయి

షేల్ మన అంగళ్లలో దొరికే వస్తువు కాదు. అయితే షేల్ భూమి లోపల వేడికీ ఒత్తిడికీ లోనై గట్టిపడితే పలకరాయి అవుతుంది; ఆ పలకరాయికి ఆంధ్రప్రదేశ్‌లోని మార్కాపురం దేశమంతటా పేరు పొందింది. చట్రం ఊడిపోయిన పాత బడి పలక గాని, గచ్చుకు వాడే పలకరాతి బిళ్లలు కోయగా మిగిలిన ముక్క గాని సరిపోతుంది. ఇప్పుడు అంగళ్లలో పలక పేరుతో రేకువి, ప్లాస్టిక్కువి, నల్లరంగు వేసిన అట్టవి కూడా అమ్ముతున్నారు గనుక అంచును చూసి ఎంచుకోండి. రాతి పలక అంచున సన్నటి పొరలు పుస్తకం పుటల్లా కనబడతాయి.

కడప బండ, తాండూరు బండ కూడా చదునుగా, పలుచగా దొరుకుతాయి గాని అవి సున్నపురాళ్లు. గీత పడే తీరు వేరుగా ఉంటుంది. ఏ రాయో అనుమానం వస్తే ఒక మూల గోకి, ఆ పొడి మీద రెండు చుక్కలు వెనిగర్ వేయండి. నురగ వస్తే అది సున్నపురాయి. మెత్తగా ఉంటుంది కదా అని బలపపు రాయిని ఎంచుకునేవారు ఉంటారు. పిల్లల చేత చేయించేటప్పుడు అది మంచిదే గాని, దాని మీద గీత మరీ సులువుగా, వెడల్పుగా పడిపోతుంది.

మొదలుపెట్టే ముందు ఒక జాగ్రత్త. పలకరాతి పొడిలో సిలికా ఉంటుంది, అది ఊపిరితిత్తులకు హానికరం. మధ్యప్రదేశ్‌లోని మంద్‌సౌర్‌లో పలక బలపాలు కోసే కార్మికులు ఎందరో ఈ ధూళి వల్లనే సిలికోసిస్ బారిన పడ్డారు. మనం చేసేది చిన్న ముక్కే అయినా అరగదీయడం, తొలచడం అంతా తడి మీదే జరగాలి. కరెంటుతో తిరిగే గ్రైండరును పొడిరాతి మీద వాడకూడదు. మూతికి ఎన్95 మాస్కు, కళ్లకు అద్దాలు పెట్టుకోండి. పని ముగిశాక బల్లను చీపురుతో ఊడ్చకుండా తడిగుడ్డతో తుడవండి. అరగదీసిన నీళ్లను సింకులో పోస్తే గొట్టం పూడిపోతుంది. బకెట్టులో ఉంచి, పేరుకున్న ముద్దను చెత్తలో వేయండి.

ఆకారం, బెజ్జం

కాగితం మీద గీసిన ఆకారాన్ని పలక మీద పెట్టి చుట్టూ మేకుతో గుర్తు వేసుకుని, ఆ గుర్తుకు రెండు మూడు మిల్లీమీటర్లు బయటగా కటింగ్ ప్లేయరుతో కొద్దికొద్దిగా కొరుకుతూ రండి. ఒకేసారి పెద్ద ముక్క విరవబోతే పొర లేచిపోతుంది. తరువాత నీళ్లు చల్లుతూ గరుకైన బండ మీద అంచులను రాయండి. చివరగా 220 నంబరు, ఆపైన 400 నంబరు వాటర్ పేపరు చాలు. అంతకు మించి నునుపు చేయవద్దు. మూలలు మొద్దుగా, భుజాలు కొంచెం వంకరగా ఉండటమే దీనికి అందం.

గీతల కంటే ముందు బెజ్జం వేయమని నా సలహా, ఎందుకంటే ముక్క విరిగేది సాధారణంగా ఇక్కడే. బెజ్జం అంచుకూ రాతి అంచుకూ మధ్య కనీసం నాలుగు మిల్లీమీటర్ల రాయి మిగలాలి. స్టార్ కార్ మనుషులు చెకుముకి రాతి పనిముట్లు వాడారు. మనకు ఎక్కడైనా దొరికే పలుగురాయి ఆ పనికి సరిపోతుంది. పలుగురాతి ముక్కను పాత గుడ్డలో చుట్టి సుత్తితో కొడితే వచ్చే పెంకుల్లో మొనదేలిన దానిని ఏరుకుని, చీల్చిన వెదురు పుల్ల కొనలో ఇరికించి, వేడిచేసిన గుగ్గిలంలో కాస్త తేనెమైనం కలిపి అతికించి, దారంతో బిగించి కట్టండి. ఆ పుల్లను రెండు అరచేతుల మధ్య తిప్పుతూ ముందు ఒక వైపు సగం మందం దాకా తొలిచి, రాతిని తిరగేసి రెండో వైపు నుంచి తొలవండి. రెండు గుంటలూ మధ్యలో కలుస్తాయి. బెజ్జం రెండు వైపులా వెడల్పుగా, నడుమ సన్నగా ఉంటుంది. ఒకే వైపు నుంచి పొడిచేస్తే అవతలి వైపు పెచ్చు ఊడుతుంది. రాతి కింద తడిపిన గోనెగుడ్డ మడతలు వేసి ఉంచాలి, గుంటలో ఎప్పుడూ నీటిచుక్క ఉండాలి. అంత ఓపిక లేనివారు 3 మి.మీ. మేసనరీ బిట్టును చేత్తో తిప్పుతూ తొలిచినా తప్పు లేదు, కాకపోతే ఆ సంగతి నకలు వెంట రాసి ఉంచాలి.

ఇక్కడ ఇంకో మాట చెప్పాలి. నంద్యాల జిల్లా జ్వాలాపురం వంటి చోట్ల చరిత్రపూర్వ యుగపు చిన్న చిన్న రాతి పనిముట్లు బయటపడ్డాయి. పురాతన స్థలాల్లో నేల మీద అలాంటి పెంకులు కనబడితే, గీతలు గీయడానికి బాగుంటాయి కదా అని ఏరి తెచ్చుకోకూడదు. దొరికిన చోటే వాటికి సాక్ష్యం విలువ. అక్కడినుంచి కదిపితే అది పోతుంది. మనకు కావలసినది మనమే కొట్టుకుందాం.

గీతలు

అసలు పని ఇదే, కాబట్టి విరిగిన పలక ముక్కల మీద బాగా సాధన చేశాకే పతకం మీద చేయి పెట్టండి. పలుగురాతి పెంకు అంచును గాని మొనను గాని కలం పట్టుకున్నట్టు పట్టుకోకుండా, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య గట్టిగా అదిమి, మిగతా వేళ్లను రాతి మీద ఆనించి మీ వైపుకు లాగండి. గీత వంపు తిరగవలసి వస్తే చేతిని కాదు, రాతిని తిప్పండి. మొదటి లాగులో అతి తేలికగా గాడి మాత్రమే వేసి, రెండో లాగును అదే గాడిలో నడపండి. మొదటిసారే బలంగా లాగితే మొన జారి పక్కకు పోతుంది. పలక మీద జారిన గీతను చెరపాలంటే ఆ వైపు మొత్తాన్ని మళ్లీ నూరవలసి వస్తుంది.

పొడవాటి గీతలు ముందు గీసి, ముళ్లలాంటి పొట్టి గీతలు తరువాత గీయండి. పొట్టి గీతను పొడవాటి గీతకు తాకించి మొదలుపెట్టి బయటికి లాగితే తాకేచోట లోతుగా ఉండి కొన దగ్గర సన్నబడుతుంది. బయటినుంచి లోపలికి లాగితే అందుకు విరుద్ధంగా జరుగుతుంది, పైగా పొడవాటి గీతను దాటిపోయే ప్రమాదం ఉంది. రెండు విధాలుగానూ ఒక్కొక్కటి గీసి భూతద్దంలో చూడండి. రెండు గీతలు ఒకదాన్నొకటి దాటేచోట, తరువాత గీసిన గీత తెగకుండా సాగిపోతుంది, ముందు గీసిన దాని అంచు అక్కడ చితికి ఉంటుంది. ఒక చెక్కడంలో ఏ గీత ముందో ఏది తరువాతో పురావస్తు శాస్త్రజ్ఞులు తేల్చే పద్ధతుల్లో ఇదొకటి. మీ చేత్తో మీరే గీసి చూస్తే ఇది ఒక్క పూటలో పట్టుబడుతుంది. వాడుతుండగా పలుగురాతి మొన అరిగి చిన్న పెచ్చు ఊడితే, ఆ తరువాతి గీత అడుగున రెండు సన్నని సమాంతరపు గాడులు కనిపిస్తాయి. అది దోషమేమీ కాదు, రాతి పనిముట్టు వాడిన ఆనవాలు. ఉక్కు సూదితో గీస్తే ఇది రాదు.

గీసినంతసేపూ గీతలు తెల్లగా మెరుస్తాయి. పలక మీద బలపంతో రాసిన తెలుపు వేరు, ఇది రాతిపొడి తెలుపు. తడిగుడ్డ తగలగానే పోతుంది. పొడి పోగానే గీతలు మాయమైనట్టు కనబడి చాలామంది కంగారుపడి మళ్లీ లోతుగా గీస్తారు. అలా చేయకండి. గదిలో దీపాలు ఆర్పి, ఫోన్ టార్చిని రాతి మట్టానికి దాదాపు ఆనించి పక్కనుంచి వేయండి. గీతలన్నీ నీడలుగా లేచి నిలబడతాయి. ఒక్కో వైపునుంచి వెలుతురు వేసినప్పుడు ఒక్కో గుంపు గీతలు తేలతాయి. వెలుతురుకు సమాంతరంగా ఉన్నవి దాక్కుంటాయి. అందుకే నాలుగు వైపులనుంచీ ఫోటోలు తీసి, ప్రచురితమైన చిత్రం పక్కన పెట్టి పోల్చుకోండి. పైనుంచి పడే పగటి వెలుతురులో లీలగా, పక్క వెలుతురులో స్పష్టంగా కనబడితే లోతు సరిగ్గా కుదిరినట్టే.

రంగు, తాడు, చీటీ

గీతల్లో సున్నం గాని తెల్లరంగు గాని నింపాలన్న కోరిక అందరికీ కలుగుతుంది. డెన్మార్క్ అంబరు పతకాల్లో కొన్నిటికి గీతలు కనబడేలా రంగు పట్టించారు. అందుకే స్టార్ కార్ పతకానికి కూడా రంగు పూశారా, దాన్ని తాడుకు గుచ్చి ధరించారా అని పరిశోధకులు ప్రత్యేకంగా పరీక్షించారు. నా అభిప్రాయంలో మొదటి నకలుకు ఏ రంగూ వేయకపోవడమే మంచిది. రంగు ప్రభావం చూడాలనిపిస్తే రెండో ముక్క చెక్కి, మెత్తగా నూరిన జేగురులో కొద్దిగా నూనె కలిపి గీతల్లోకి రుద్ది, పైన మిగిలినదాన్ని గుడ్డతో తుడిచేయండి. రాతికి నూనె, వార్నిషు పట్టించవద్దు. రాయి నిగనిగలాడి గీతలు పూర్తిగా మునిగిపోతాయి.

తాడుకు గోగునారను సన్నగా పేని వాడవచ్చు. నైలాను దారం, ఇనుప కొక్కెం పెడితే బెజ్జం అంచు త్వరగా చెదురుతుంది. మెడలో వేసుకునే ఉద్దేశం ఉంటే రాయి గట్టి నేల మీద పడకుండా చూసుకోవాలి, ఎందుకంటే పలకరాయి అంచు మీద పడితే పొరలుగా చీలుతుంది.

వెనకవైపు, గీతలు లేని మట్టం మీద, ఏ సంవత్సరంలో చేశారో అంకెలు చెక్కండి, లేదా చెరగని సిరాతో రాయండి. బడి ప్రదర్శనలో పెట్టేటప్పుడు పక్కన ఉంచే చీటీలో స్టార్ కార్ పేరు, 2015 అన్న సంవత్సరం, అసలు కొలతలు, మీరు షేల్‌కు బదులుగా పలకరాయినీ చెకుముకి రాతికి బదులుగా పలుగురాయినీ వాడిన విషయం, బెజ్జం దేనితో తొలిచారన్న వివరం ఉండాలి. చీటీ పక్కనే ఒక చిన్న టార్చి కూడా పెట్టండి.