ఇంట్లో న్యూట్లు – మూడో పాఠం: పొట్ట కాదు, తోక చూడండి

న్యూట్ అంటే కప్పలాగే ఉభయచరం, కానీ తోక ఉంటుంది; సాలమాండర్లలో ఇదొక రకం. బల్లికీ న్యూట్‌కూ తేడా గత పాఠంలో నేర్చుకున్నాం. న్యూట్ ఒంటిపై పొలుసులు ఉండవు, ముందుకాళ్లకు నాలుగేసి వేళ్లు, వెనుకకాళ్లకు ఐదేసి. ఇప్పుడు అసలు చిక్కులోకి వెళదాం. దుకాణంలో 'ఫైర్ బెల్లీ న్యూట్' అనే ఒకే చీటీ కింద నాలుగు వేర్వేరు జంతువులు కనబడవచ్చు. అన్నింటికీ వీపు నల్లగానో ముదురు గోధుమ రంగులోనో ఉంటుంది. పొట్ట మీద నారింజ, ఎరుపు మచ్చలు ఉంటాయి. కొనేవారి చూపు ముందు ఆ పొట్ట మీదే పడుతుంది. గుర్తుపట్టడానికి అది అన్నిటికంటే బలహీనమైన ఆధారం.

తొట్టె పక్క నుంచి తోకను చూడండి. తోక కొస గుండ్రంగా ఉండి, చర్మం కాస్త నునుపుగా, ఒళ్లు చిన్నగా (6 నుంచి 10 సెంటీమీటర్లు) ఉంటే అది చాలావరకు చైనా ఫైర్ బెల్లీ. ఇప్పుడు పైనుంచి తల చూడండి. కంటి వెనుక విషగ్రంథులు స్పష్టంగా ఉబ్బి, చర్మం గరుకుగా, తోక సన్నబడి మొనదేలి ఉంటే జపాన్ ఫైర్ బెల్లీ. నడివీపు మీద గట్టులాంటి గీత, ఒళ్లంతా బొడిపెలు కనిపిస్తే హాంకాంగ్ న్యూట్.

నాలుగోదాని దగ్గర తొందరపడకండి. తోక పడవ తెడ్డులా వెడల్పుగా, చదునుగా ఉంటుంది. తల పెద్దది, చర్మం నున్నగా జారుతూ ఉంటుంది, కంటి వెనుక ఉబ్బు కనిపించదు. ఇది పాడిల్ టెయిల్. 'పెద్ద ఫైర్ బెల్లీ' అని చెప్పి అమ్మేది తరచుగా దీన్నే. దక్షిణ చైనా కొండవాగుల్లో, చల్లగా వేగంగా పారే నీటిలో బతికే జీవి ఇది. తన చోటులోకి వచ్చినదాన్ని కరుస్తుంది. పక్కనున్న చిన్న న్యూట్ కాళ్లు, తోక కొరికేస్తుంది. దీన్ని ఒంటరిగా ఉంచడమే మేలు. పైగా చైనా ఫైర్ బెల్లీకి చెరువులు, వరిమళ్లలాంటి నిలవ నీరు కావాలి. అంటే ఇవి కొట్టుకోకపోయినా, ఒకే తొట్టెలో ఒకదానికి సుఖమైన నీరు మరొకదానికి బాధే.

ఫైర్ బెల్లీ న్యూట్ల చర్మంలో టెట్రోడోటాక్సిన్ ఉంటుంది. పఫర్ చేపలో ఉండే విషం కూడా ఇదే. న్యూట్‌ను నోట పట్టిన చేప చచ్చిపోవచ్చు. ముట్టుకున్న ప్రతిసారీ చేతులు కడుక్కోండి, పిల్లల చేత కూడా కడిగించండి. ఉష్ణమండల చేపలతో కలపాలన్న ఆలోచన అసలే వద్దు. వాటికి 25 డిగ్రీలు దాటిన నీరు కావాలి, న్యూట్లకు 20కి అటూ ఇటూ ఉండాలి. వేసవిలో మన మైదాన ప్రాంతాల ఇళ్లలో నీటిని చల్లబరిచే యంత్రం లేకుండా న్యూట్‌ను పెంచడం దాన్ని హింసించడమే.

కంటికి కనిపించని ప్రమాదం మరొకటి ఉంది. నెదర్లాండ్స్‌లో ఫైర్ సాలమాండర్లను దాదాపు తుడిచిపెట్టిన బీసాల్ అనే చర్మ శిలీంధ్రాన్ని శాస్త్రవేత్తలు 2013లో గుర్తించారు. కొన్ని ఆసియా న్యూట్లు దీన్ని మోస్తూ కూడా జబ్బుపడవు. ఐరోపా జాతులు మాత్రం దానికి బలైపోతాయి. ఈ భయంతోనే అమెరికా 2016 జనవరిలో 20 ప్రజాతుల (దగ్గరి జాతుల గుంపుల) సాలమాండర్ల దిగుమతిని కట్టడి చేసింది. మనం చెప్పుకున్నవాటిలో మొదటి మూడూ ఆ ప్రజాతులవే. కాబట్టి పైకి ఆరోగ్యంగా కనిపించే న్యూట్‌ను కూడా వేరే జాతి ఉన్న తొట్టెలో వదలకూడదు. తొట్టె నీటిని కాలువలో పారబోయకూడదు. పెంచలేకపోతే న్యూట్‌ను బయట వదిలేయనూ కూడదు.

ఈ వారం అభ్యాసం: మీ న్యూట్‌ను చేత్తో పట్టుకోకుండా పైనుంచి ఒకటి, పక్క నుంచి ఒకటి, అద్దానికి పొట్ట ఆనించినప్పుడు ఒకటి ఫొటోలు తీయండి. తోక కొస, కంటి వెనుక ఉబ్బు, వీపు గీత, చర్మం, పొడవు అన్న వరుసలో కాగితం మీద రాయండి. పొట్ట రంగును ఆఖరున చేర్చండి. ఐదింటిలో ఏ ఒక్కటి పొసగకపోయినా పేరు ఖాయం చేయకండి, అప్పటిదాకా దాన్ని విడి తొట్టెలోనే ఉంచండి. ఆ విడి తొట్టెను ఎలా సిద్ధం చేయాలో నాలుగో పాఠంలో చూద్దాం.