బీపీడీయూ గార్డ్ పెట్టినా లూప్ ఎందుకు వస్తోంది?

బీపీడీయూలంటే లూప్‌లు రాకుండా చూసే స్పానింగ్ ట్రీ కోసం స్విచ్‌లు పంపుకునే సందేశాలు; అవి వచ్చిన పోర్ట్‌ని మూసేసేదే బీపీడీయూ గార్డ్. ఫ్లోర్ మొత్తం నెట్ పోయింది. పింగ్ వస్తూ పోతూ ఉంది, స్విచ్ మీద లైట్లన్నీ ఆగకుండా మినుకుమంటున్నాయి, లాగ్‌లో ఒకే మ్యాక్ అడ్రస్ (పరికరం హార్డ్‌వేర్ చిరునామా) రెండు పోర్ట్‌ల మధ్య మారుతున్నట్టు మెసేజ్‌ల మీద మెసేజ్‌లు. ఇది లూపే, అంటే డేటా ఒకే చుట్టులో తిరుగుతోంది. ఈథర్నెట్ ఫ్రేమ్‌కి (డేటా ముక్కకి) టీటీఎల్, అంటే ఇన్ని మలుపుల తర్వాత ఆగిపోవాలనే పరిమితి, లేదు, అందుకే వైరు పీకేదాకా బ్రాడ్‌కాస్ట్ తిరుగుతూనే ఉంటుంది.

దయచేసి స్విచ్ రీస్టార్ట్ చేయకండి. వైరు అలాగే ఉంటే లూప్ మళ్లీ వస్తుంది, స్విచ్‌లో ఉన్న లాగ్ మాత్రం పోతుంది. లాగ్‌లో కనబడ్డ రెండు పోర్ట్‌లూ రాసుకుని ఆ టేబుళ్ల కింద చూడండి. చిన్న అన్‌మేనేజ్డ్ (సెట్టింగ్‌లు లేని) స్విచ్ నుంచి గోడ సాకెట్లకు రెండు కేబుళ్లు, లేదా ఐపీ ఫోన్ రెండు పోర్ట్‌లూ గోడకే. చాలాసార్లు కథ ఇంతే. ఒకటి పీకితే నెట్ నిలబడుతుంది. అయినా ఈ రెండు నిమిషాల పని వదిలేసి అందరూ కోర్ స్విచ్ (నెట్‌వర్క్ మధ్యలోని ప్రధాన స్విచ్) మీద పడతారు.

అసలు ప్రశ్న ఆ తర్వాతది: గార్డ్ ఉండగా పోర్ట్ ఎర్-డిజేబుల్ (తప్పు గుర్తించి స్విచ్ తానే మూసేయడం) ఎందుకు కాలేదు?

సిస్కో క్యాటలిస్ట్ స్విచ్‌లో అయితే నా మొదటి అనుమానం బీపీడీయూ ఫిల్టర్ మీదే. రెండూ రక్షణే అనుకుని చాలామంది ఒకే పోర్ట్ మీద గార్డ్, ఫిల్టర్ కలిపి పెడతారు. ఇంటర్‌ఫేస్ మీద పెట్టిన ఫిల్టర్ బీపీడీయూలను పంపదు, వచ్చినవాటిని పట్టించుకోదు. అంటే ఆ పోర్ట్‌లో స్పానింగ్ ట్రీ లేనట్టే. గార్డ్ పనిచేయాలంటే బీపీడీయూ కంటపడాలి కదా! కాన్ఫిగ్‌లో గార్డ్ లైన్ చక్కగా కనిపిస్తుంది, అందుకే ఎవరికీ అనుమానం రాదు. గ్లోబల్‌గా పెట్టిన ఫిల్టర్ ఇంత ప్రమాదం కాదు. పోర్ట్‌ఫాస్ట్ పోర్ట్‌కి (కంప్యూటర్ తగిలించగానే ఆగకుండా పనిచేసేలా పెట్టినదానికి) బీపీడీయూ వస్తే ఆ ఫిల్టర్ తప్పుకుంటుంది.

తేల్చుకోవడం తేలిక. 'షో స్పానింగ్-ట్రీ ఇంటర్‌ఫేస్' కమాండ్‌ని 'డీటెయిల్'తో కొట్టి చివర బీపీడీయూ లెక్క చూడండి. మామూలు యాక్సెస్ పోర్ట్‌లో (కంప్యూటర్, ఫోన్ లాంటివి తగిలించేదానిలో) 'సెంట్' అంకె 2 సెకన్లకొకటి పెరగాలి. పంపినవి 0, అందినవి 0 అని కదలకుండా ఉంటే ఫిల్టర్ దొరికినట్టే. ఇంటర్‌ఫేస్‌లో 'నో స్పానింగ్-ట్రీ బీపీడీయూఫిల్టర్' ఇవ్వండి, గార్డ్ ఉంచండి. లూప్ ఇంకా ఉంటే పోర్ట్ వెంటనే ఎర్-డిజేబుల్ అవుతుంది. అది మంచిదే, వైరు ఎక్కడుందో అదే చెబుతుంది. మూసిన పోర్ట్‌ని తానే మళ్లీ తెరిచే ఆటో రికవరీ వ్యవధి డిఫాల్ట్‌గా 300 సెకన్లు. వైరు తీయకుండా దాన్ని ఆన్ చేసి లాభం లేదు.

లూప్‌కి ఇంకో కారణం ఫైబర్‌లో ఒక పోగు చెడి ఒకవైపే పనిచేయడం, కానీ అది అరుదు. అప్‌లింక్‌లకు (స్విచ్‌లను కలిపే లింక్‌లకు) లూప్ గార్డ్ (బీపీడీయూలు ఆగిపోతే పోర్ట్‌ని ఆపేది), యూడీఎల్‌డీ (ఒకవైపే పనిచేసే లింక్‌ని పట్టేది) పెడితే చాలు. బీపీడీయూలను మింగేసే చౌక స్విచ్‌లు తగిలించే పోర్ట్‌లకు స్టార్మ్ కంట్రోల్ (బ్రాడ్‌కాస్ట్ హద్దు దాటితే అడ్డుకునేది) పెట్టండి.