ర్యాపిడ్ టెస్ట్ కిట్‌లోని బంగారం: పరీక్షను సరిగా చేసుకునే పద్ధతి

నానో వైద్యం అనగానే క్యాన్సర్ కణితిని వెతుక్కుంటూ వెళ్లే మందులే చాలామందికి గుర్తుకొస్తాయి గాని, గర్భ నిర్ధారణకో కొవిడ్ పరీక్షకో ఇంట్లో వాడే కిట్ కూడా ఆ కోవలోనిదే. చాలా కిట్లలో కనిపించే ఎర్రగీత, మీటరులో వంద కోట్లవ వంతును నానోమీటరు అనుకుంటే, కొన్ని పదుల నానోమీటర్ల బంగారు రేణువులు లక్షలాదిగా ఒకచోట చిక్కుకోవడం వల్ల ఏర్పడుతుంది. బంగారం అంత సన్నని రేణువులుగా నీటిలో చెదిరి ఉంటే పసుపు పోయి కెంపు రంగు వస్తుందని మైఖేల్ ఫారడే 1857లోనే వివరించాడు. కిట్‌తో వచ్చే కాగితంలోని సూచనలు చాదస్తంగా తోచవచ్చు. ఈ రేణువుల తీరు తెలిస్తే అలా అనిపించదు.

గడువు తేదీ చూసుకున్నాక, కిట్ ఫ్రిజ్‌లో ఉన్నదైతే సీలు తీయకుండానే గది ఉష్ణోగ్రతకు రానివ్వాలి. యాంటీబాడీలు (వెతుకుతున్న పదార్థాన్ని పట్టుకునే ప్రోటీన్లు) తొడిగిన బంగారు రేణువులను తయారీలోనే కిట్ లోపలి పట్టీ మీద ఎండబెట్టి ఉంచుతారు కనుక, చల్లని పట్టీని బయటకు తీస్తే దానిపై చేరే తేమ వాటిని ముందే పాడుచేయవచ్చు. ప్యాకెట్‌లో తేమ పీల్చే చిన్న పొట్లం ఉండేదీ అందుకే. అన్నీ సిద్ధం చేసుకుని, సీలును చివరగా తీయండి.

క్యాసెట్‌ను, అంటే పట్టీ ఉన్న ప్లాస్టిక్ డబ్బీని, సమతలంగా పెట్టి, చెప్పినన్ని చుక్కలే బుడగలు లేకుండా వేయండి. తక్కువైతే ద్రవం చివరిదాకా పాకదు. ఎక్కువైతే పొంగి, గీతల దగ్గర ఆగవలసిన రేణువులను ఈడ్చుకుపోతుంది. నిమిషం తిరగకముందే కిటికీలో లేత గులాబీ అల ఒకటి కదులుతూ కనిపిస్తుంది. వెతుకుతున్న పదార్థం నమూనాలో ఉంటే, దాన్ని పట్టుకున్న రేణువులు టి (టెస్ట్) గీత దగ్గర ఆగిపోతాయి. మిగిలినవాటిలో కొన్ని సి (కంట్రోల్) గీత దగ్గర చిక్కుకుంటాయి.

గడియారం చూడకుండా ఫలితం చదవకూడదు. కిట్‌పై 15 నిమిషాలని ఉంటే, ఐదు నిమిషాలకే లేదనుకోవడం ఎంత తప్పో, గంట తర్వాత చూసి ఉందనుకోవడమూ అంతే తప్పు, ఎందుకంటే పట్టీ ఆరేటప్పుడు ద్రవం వెనక్కి పాకి లేని గీతను చూపించవచ్చు. సమయంలోపు టి దగ్గర వచ్చిన రంగు గీత ఎంత లేతగా ఉన్నా పాజిటివే. సి గీత రాకపోతే టి ఎలా ఉన్నా ఆ పరీక్ష చెల్లదు. అయితే సి గీత వచ్చినంత మాత్రాన నమూనా సరిగా తీసినట్టు కాదు. ద్రవం పారిందని, రేణువులు పనిచేశాయని మాత్రమే దాని అర్థం. ముక్కులో పుల్లను నామమాత్రంగా తిప్పినా అది వస్తుంది. మాదకద్రవ్యాల పరీక్షల్లో సాధారణంగా లెక్క తలకిందులు: అక్కడ టి గీత రాకపోవడమే పాజిటివ్.

లక్షణాలు ఉండి నెగెటివ్ వస్తే, కాగితంలో చెప్పిన వ్యవధి తర్వాత కొత్త కిట్‌తో మళ్లీ చేయండి, లేదా ల్యాబ్ పరీక్షకు వెళ్లండి. డాక్టరుకు చూపించాలనుకుంటే క్యాసెట్‌ను దాచకుండా, నిర్ణీత సమయంలోనే ఫోటో తీసి ఉంచుకోండి.