విమాన మార్గం లెక్క చదవడం, 4వ పాఠం: నిండిన విమానానికి నష్టం ఎలా వస్తుంది?

గత మూడు పాఠాలలో మనం దేశీయ మార్గాల లెక్కలు చూశాము. ఒకే విమానం ఉదయం ఢిల్లీకి, మధ్యాహ్నం విశాఖకు, రాత్రి బెంగళూరుకు తిరుగుతూ ఏ ఊరిలో వచ్చిన నష్టాన్ని మరొక ఊరిలో ఎలా పూడ్చుకుంటుందో తెలుసుకున్నాము. దూర మార్గంలో ఆ వెసులుబాటు ఉండదు. శంషాబాద్‌లో లేచిన విమానం మళ్లీ శంషాబాద్‌లో దిగే సరికి పూర్తిగా ఒక రోజు గడిచిపోతుంది. మధ్యలో దానిని మరొక పనికి వాడుకునే వీలు లేదు. కొత్తగా దూర ప్రయాణాల ఎయిర్‌లైన్ పెడతామంటూ ఎవరైనా ప్రకటించినప్పుడు ఆ ప్రణాళిక నిలబడుతుందో లేదో కాగితం మీద మీరే తేల్చుకోగలగడం ఈ పాఠం ఉద్దేశం.

అభ్యాసం కోసం హైదరాబాద్ నుంచి లండన్‌కు నేరుగా నడిచే ఒక ఊహాసంస్థను తీసుకుందాం. దాని దగ్గర లీజుకు తెచ్చిన బోయింగ్ 787-9 ఒకటి ఉంది, అందులో 300 సీట్లు ఉన్నాయి. ఇకపై వచ్చే రూపాయల అంకెలన్నీ సాధన కోసం అనుకున్నవే. లెక్క వేసే క్రమం వంటబట్టిన తరువాత ఇంధనం ధర, లీజు, టికెట్ ధర ఆనాటివి వేసుకుని మళ్లీ చేయండి.

మొదట రాయవలసినది డబ్బు కాదు, గంటలు. లండన్ చేరడానికి సుమారు పదిన్నర గంటలు, తిరిగి రావడానికి గాలి వాటం వల్ల కొంత తక్కువగా తొమ్మిదిన్నర గంటలు వేసుకుందాం. రెండు చోట్లా శుభ్రం చేసి, ఇంధనం నింపి, ప్రయాణికులను ఎక్కించడానికి రెండేసి గంటలు కలిపితే మొత్తం సరిగ్గా 24 గంటలు. ఒక విమానంతో రోజూ ఒక సర్వీసు నడపవచ్చని ప్రణాళికలలో రాసేది ఈ అంకెను చూసే. అయితే ఆ 24 గంటలలో ఒక్క నిమిషం కూడా మిగలలేదన్న సంగతి గమనించండి. సోమవారం లండన్‌లో పొగమంచు వల్ల రెండు గంటలు ఆలస్యమైతే ఆ రెండు గంటలు మంగళవారానికి, అక్కడి నుంచి బుధవారానికి మోసుకుపోతాయే తప్ప ఎక్కడా తీరవు. తనిఖీలకు విమానాన్ని హ్యాంగర్‌లోకి పంపే సమయం కూడా ఈ పట్టికలో లేదు. పైగా 2025 ఏప్రిల్ 24 నుంచి పాకిస్థాన్ గగనతలం భారతీయ సంస్థల విమానాలకు మూసుకుపోయింది. ఆ దెబ్బ ఉత్తరాది నుంచి పడమరకు వెళ్లే విమానాలకే ఎక్కువగా తగిలినా, చుట్టుదారి కోసం మన పట్టికలోనూ కొంత సమయం పక్కన పెట్టుకోవడం వివేకం. అందువల్ల ఒక విమానంతో వారానికి 5 సర్వీసులకు మించి రాయవద్దు. వారంలోని 168 గంటలలో 120 పనికి పోతాయి, 48 గంటలు చేతిలో ఉంటాయి.

ఇప్పుడు ఖర్చు రాయండి. ఈ విమానం గంటకు సుమారు 5.5 టన్నుల ఇంధనం తాగుతుందనుకుంటే రానూపోనూ 20 గంటలకు 110 టన్నులు అవుతుంది. టన్ను 75,000 రూపాయల చొప్పున అది 82.5 లక్షలు. లీజు నెలకు 8.5 కోట్లు అనుకుందాం. రానూపోనూ కలిపి ఒక ట్రిప్పు అనుకుంటే, వారానికి 5 చొప్పున ఏడాదికి 260 ట్రిప్పులు, అంటే నెలకు దాదాపు 22 ట్రిప్పులు కనుక ఒక్కో ట్రిప్పు మీద 39 లక్షల లీజు పడుతుంది. సిబ్బంది, మరమ్మతులు, విమానాశ్రయాల రుసుములు, దారిలోని దేశాల గగనతలం మీదుగా పోయినందుకు కట్టే ఛార్జీలు, భోజనాలు, టికెట్ల అమ్మకం ఖర్చు అన్నీ కలిపి 98.5 లక్షలుగా వేస్తే మొత్తం 220 లక్షలు, అంటే ట్రిప్పుకు 2 కోట్ల 20 లక్షలు అవుతుంది.

వీటిలో లీజు స్వభావం వేరు. ఇంధనం ఎగిరితేనే ఖర్చవుతుంది, లీజు విమానం నిలబడి ఉన్నా కట్టాలి. టికెట్లు అమ్ముడుపోవడం లేదని వారానికి 3 సర్వీసులకు తగ్గించారనుకోండి, ట్రిప్పు మీద పడే లీజు 39 లక్షల నుంచి 65 లక్షలకు పెరుగుతుంది. నష్టాన్ని తగ్గించుకోవడానికి సర్వీసులు తగ్గించిన సంస్థ, మిగిలిన ప్రతి సర్వీసు మీదా నష్టాన్ని పెంచుకున్నట్లవుతుంది.

ఇక రాబడి. పన్నులు తీసివేయగా ఒక వైపు టికెట్ మీద సగటున 42,000 రూపాయలు చేతికి వస్తాయనుకుంటే, 220 లక్షలు రావడానికి రానూపోనూ ఉన్న 600 సీట్లలో 524 అమ్మాలి. అది 87 శాతం. ఏడాది పొడవునా, రెండు వైపులా అంత నింపడం పాతుకుపోయిన సంస్థలకే కష్టం. ఇక్కడే విమానం పొట్టలోని సరుకు ఆదుకుంటుంది. హైదరాబాద్‌కు ఇది కలిసివచ్చే అంశం, ఎందుకంటే చల్లని పెట్టెలలో పోవలసిన మందులు, టీకాల సరుకు ఈ నగరం నుంచి నిలకడగా పోతుంది. సరుకు మీద ట్రిప్పుకు 20 లక్షలు వచ్చాయనుకోండి, అమ్మవలసిన సీట్లు 476కు, అంటే 79 శాతానికి దిగుతాయి. ఏ కొత్త సంస్థ ప్రణాళికలోనైనా సరుకు రవాణా గురించి నాలుగు వాక్యాలు కూడా లేకపోతే నేను మిగతా పేజీలను అనుమానంతోనే చదువుతాను.

సగటు అన్నది మాత్రం మనిషిని సులభంగా మోసం చేస్తుంది. విదేశీ చదువుల సీజన్‌లో అర్ధరాత్రి దాటాక శంషాబాద్ డిపార్చర్స్ ముందు నిలబడి చూస్తే, ఎన్ని విమానాలు వేసినా చాలవనిపిస్తుంది. ట్రాలీ మీద నైలాన్ తాడు కట్టిన అట్టపెట్టెలు, వాటిపై మార్కర్‌తో రాసిన ఇంటిపేరు, 23 కిలోలు దాటిందని తూకం దగ్గర తీసి మేనమామ చేతిలో పెట్టిన ఆవకాయ డబ్బా కనిపిస్తాయి. ఒక్క విద్యార్థిని సాగనంపడానికి పదిమంది వస్తారు కనుక ఆ గుంపును చూసి డిమాండును అంచనా వేయరాదు. అంతకన్నా ముఖ్యంగా అడగవలసినది, అదే విమానం మరునాడు తిరిగి వచ్చేటప్పుడు అందులో ఎవరున్నారన్న ప్రశ్న. చదువుకోసం వెళ్లిన పిల్లలు వారంలో తిరిగి రారు.

లెక్క వేసి చూడండి. పోయేటప్పుడు 285 మంది, వచ్చేటప్పుడు 165 మంది ఉన్నారనుకుందాం. పోయే వైపు గిరాకీ ఉంది కనుక టికెట్ 50,000కు అమ్మారు, వచ్చే వైపు సీట్లు మిగులుతున్నాయి కనుక 30,000కు తగ్గించారు. పోయే వైపు 142.5 లక్షలు, వచ్చే వైపు 49.5 లక్షలు, సరుకు మీద 20 లక్షలు కలిపితే 212 లక్షలు వచ్చాయి. ఖర్చు 220. శంషాబాద్‌లో 15 సీట్లు మాత్రమే ఖాళీగా లేచిన విమానం 8 లక్షల నష్టంతో దిగింది. ఈ ఒక్క లెక్క పట్టుబడితే ఈ పాఠంలో సగం వచ్చినట్లే. కాబట్టి ప్రణాళికలో లోడ్ ఫ్యాక్టర్, అంటే సీట్లలో నిండిన శాతం, ఒకే అంకెగా కనిపిస్తే దానిని రెండు దిక్కులుగా, పన్నెండు నెలలుగా విడగొట్టి 24 గడుల పట్టిక వేయండి. ఏ గడిలో 79 కంటే తక్కువ వస్తే దాని చుట్టూ గీత గీయండి.

గల్ఫ్ సంస్థలు ఇదే హైదరాబాద్ నుంచి లాభంగా ఎలా నడుపుతున్నాయన్న సందేహం రావడం సహజం. దుబాయ్‌కు వెళ్లే ఎమిరేట్స్‌లో గానీ దోహాకు వెళ్లే ఖతార్‌లో గానీ ఉన్నవారంతా ఆ ఊళ్లకే వెళ్లేవారు కారు. ఒకరు మాంచెస్టర్‌కు, ఒకరు డాలస్‌కు, మరొకరు నైరోబీకి పోతుంటారు. ఒక ఊరికి సీజన్ లేనప్పుడు మరొక ఊరికి ఉంటుంది కనుక ఖాళీ గడులు అక్కడ తక్కువ. బ్రిటిష్ ఎయిర్‌వేస్‌కు లండన్‌లోనూ, 2024 జనవరిలో ఇక్కడికి సర్వీసు మొదలుపెట్టిన లుఫ్తాన్సాకు ఫ్రాంక్‌ఫర్ట్‌లోనూ అదే బలం. మన ఊహాసంస్థ మాత్రం లండన్ టికెట్ తప్ప మరేదీ అమ్మలేదు.

ఇప్పుడు విమానాల సంఖ్య దగ్గరకు వద్దాం, ఎందుకంటే కొత్త సంస్థలు ఎక్కువగా తడబడేది ఇక్కడే. ఒక్క విమానం ఉన్న సంస్థకు దాని ఇంజిన్‌లో తేడా వస్తే మొత్తం సంస్థ ఆగిపోతుంది. బ్రిటన్‌లో ఫ్రెడీ లేకర్ 1977లో లండన్–న్యూయార్క్ మధ్య స్కైట్రెయిన్ పేరుతో చౌక సర్వీసు పెట్టాడు. 1979లో షికాగోలో ఒక డీసీ-10 విమానం కూలిన తరువాత ఆ రకం విమానాలన్నిటినీ వారాల తరబడి నేల మీదే నిలిపివేశారు. ఆయన స్కైట్రెయిన్ నడిచేది ఆ రకం విమానాలతోనే. నార్వేకు చెందిన నార్వీజియన్ 2013లో 787లతో దూర మార్గాలు మొదలుపెట్టింది. తరువాతి ఏళ్లలో రోల్స్ రాయిస్ ట్రెంట్ 1000 ఇంజిన్ల సమస్యతో తన విమానాలు కొన్ని నిలిచిపోగా, ఇతరుల విమానాలను సిబ్బందితో సహా అద్దెకు తెచ్చి నడపవలసి వచ్చింది. కోవిడ్ దెబ్బ కూడా తగిలాక 2021 జనవరిలో దూర మార్గాలనే వదిలేసింది.

అయితే రెండో విమానం తెచ్చుకుంటే సరిపోతుంది కదా అనిపించవచ్చు. రెండు విమానాలతో రోజుకొక సర్వీసు చొప్పున వారానికి 7 నడిపితే కావలసినంత వెసులుబాటు దొరుకుతుంది, కానీ నెలకు 17 కోట్ల లీజును 30 ట్రిప్పుల మీద పంచితే ఒక్కోదానికి 56 లక్షలు పడుతుంది, అమ్మవలసిన సీట్లు 79 నుంచి 86 శాతానికి ఎగబాకుతాయి. ట్రిప్పు మీద లీజు భారం మళ్లీ 39 లక్షలకు దిగాలంటే వారానికి 10 సర్వీసులు వేయాలి, అంటే ఒక్కో వైపు 1,500 బదులు 3,000 సీట్లు అమ్మాలి. మొదటి 1,500 సీట్లకే 24 గడులు నిండని మార్గంలో ఇది సాధ్యమా కాదా అన్నదే మీరు తేల్చవలసిన విషయం. చిన్నగా మొదలుపెట్టి మెల్లగా పెరుగుతామనే మాట టిఫిన్ సెంటర్‌కు నప్పినంతగా దూరపు విమానాలకు నప్పదు.

అనుమతుల సంగతి క్లుప్తంగా చెబుతాను. భారతదేశంలో రిజిస్టరైన సంస్థ నేరుగా విదేశీ మార్గంతో మొదలుపెట్టడానికి వీలు లేదు. ఐదేళ్ల అనుభవం ఉండాలన్న పాత నిబంధనను 2016 విమానయాన విధానం తీసివేసినా, 20 విమానాలు లేదా మొత్తం సామర్థ్యంలో 20 శాతం, రెండింటిలో ఏది ఎక్కువైతే అది దేశీయ మార్గాలలో నడపాలన్న షరతు మిగిలింది. 2022 ఆగస్టులో ఎగరడం మొదలుపెట్టిన ఆకాశ ఎయిర్ 2024 మార్చిలో దోహాకు తొలి విదేశీ సర్వీసు నడిపింది. 2006లో మొదలైన ఇండిగో, మాంచెస్టర్, ఆమ్‌స్టర్‌డామ్ వంటి దూరపు ఊళ్లకు వెళ్లింది 2025 జూలైలో, అదీ నార్స్ అట్లాంటిక్ అనే సంస్థ నుంచి అద్దెకు తెచ్చిన 787లతో. లండన్‌లోని హీత్రో విమానాశ్రయంలో స్లాట్, అంటే విమానం దిగడానికి, లేవడానికి కేటాయించే సమయం, దొరకడం మరొక గండం. దొరికినా, సీజన్‌లో కేటాయించిన స్లాట్లలో 80 శాతం వాడకపోతే తరువాతి సీజన్‌కు వాటి మీద హక్కు పోతుంది. అన్ని కాగితాలూ చేతిలో ఉన్నా 2006లో హాంకాంగ్‌కు చెందిన ఒయాసిస్ సంస్థ లండన్‌కు వేసిన మొట్టమొదటి విమానం, రష్యా గగనతలం అనుమతి చివరి నిమిషంలో రద్దు కావడంతో ఆ రోజు బయలుదేరలేకపోయింది. ఆ సంస్థ 2008 ఏప్రిల్‌లో మూతపడింది.

చివరిగా చూడవలసినది నగదు. లీజు, ఇంజిన్ మరమ్మతులు, విడిభాగాలు డాలర్లలో కట్టాలి. మన ఊహాసంస్థ టికెట్లలో ఎక్కువ భాగం రూపాయలలో అమ్ముడవుతాయి. లేకర్ అప్పులు డాలర్లలో, ఆదాయంలో పెద్ద భాగం పౌండ్లలో ఉండగా 1981లో పౌండు పడిపోయింది, పెద్ద సంస్థలు పోటీగా ఛార్జీలు తగ్గించాయి, 1982 ఫిబ్రవరిలో ఆయన సంస్థ కుప్పకూలింది. దీనికి తోడు జూన్‌లో అమ్మిన సెప్టెంబరు టికెట్ డబ్బు జూన్‌లో మీది కాదు, ప్రయాణికుడికి మీరు పడిన బాకీ. సంస్థ మీద అనుమానం పుట్టిన రోజున కార్డు చెల్లింపులు చూసే బ్యాంకు ఆ సొమ్మును ప్రయాణం పూర్తయ్యేదాకా తన దగ్గరే అట్టిపెట్టుకుంటుంది. ప్రణాళికలోని నగదు పట్టికలో అడ్వాన్సు బుకింగ్ డబ్బును పూర్తిగా తీసివేసి, అప్పుడు ఎన్ని నెలల లీజు కట్టగలరో లెక్కించండి. ఆరు నెలల కన్నా తక్కువ వస్తే ఆ సంస్థ ఒక చెడ్డ చలికాలాన్ని దాటలేదన్నది నా అంచనా.

అభ్యాసం: ఎయిర్ ఇండియా 2021 జనవరిలో హైదరాబాద్–షికాగో మధ్య నేరుగా బోయింగ్ 777-200ఎల్‌ఆర్‌తో, వారానికి ఒక్కసారి చొప్పున సర్వీసు మొదలుపెట్టింది, అది కొనసాగలేదు. పోవడానికి పదహారున్నర గంటలు, రావడానికి పదిహేనున్నర, రెండు చోట్లా కలిపి నిలిచే సమయం 5 గంటలుగా తీసుకుని, ఒక విమానంతో వారానికి ఎన్ని సర్వీసులు నిశ్చింతగా వేయవచ్చో చెప్పండి. దూరం పెరిగేకొద్దీ ఇంధనాన్ని మోయడానికే అదనపు ఇంధనం కావాలి కనుక గంటకు 5.5 బదులు 6.5 టన్నులు, సీట్లు 240, లీజు నెలకు అదే 8.5 కోట్లుగా వేసుకోండి. 16 గంటల ప్రయాణానికి కాక్‌పిట్‌లో నలుగురు పైలట్లు కావాలని గుర్తుంచుకుని, మిగతా ఖర్చు కింద 150 లక్షలు రాయండి. సరుకు ఆదాయాన్ని సున్నాగా ఉంచి, 80 శాతం సీట్లు నిండితే ఒక వైపు టికెట్ ఎంతకు అమ్మాలో తేల్చి, ఆ అంకె పక్కనే దోహా మీదుగా అదే తేదీకి దొరికే టికెట్ ధరను రాసి ఉంచుకోండి. ఆ రెండు అంకెల మధ్య తేడాను 5వ పాఠంలో తీసుకుని, ఒక్క స్టాప్ తప్పించుకోవడానికి ప్రయాణికుడు ఎంత అదనంగా చెల్లిస్తాడో లెక్కించే పద్ధతిని నేర్చుకుందాం.