మన ఊళ్ళో మన బొమ్మ – 5వ పాఠం: మేకు ఎక్కడ కొట్టాలి?

సొంత ఊళ్ళోనే తమ బొమ్మల ప్రదర్శన పెట్టుకునేవాళ్ళకు ఈసారి లేబుళ్ళు రాయడం, ధర పెట్టడం చెబుతానని మాట ఇచ్చాను. అవి చివర్లో కొద్దిగా వస్తాయి. ముందు గోడ సంగతి తేల్చుకోవాలి. నాలుగో పాఠంలో పటం కట్టించడం గురించి అంత వివరంగా రాసి, ఆఖరున "కంటి ఎత్తున తగిలించండి" అని ఒక్క వాక్యంతో వదిలేశాను. తప్పు నాదే. ఆ వాక్యాన్ని నమ్ముకుని బొమ్మలు పెట్టిన నలుగురు నాకు ఫోటోలు పంపారు. బొమ్మలన్నీ బాగున్నాయి, గోడ మాత్రం ఒక్కరికీ కుదరలేదు.

ఒకావిడ తమ ఊరి శాఖా గ్రంథాలయంలో ఏడు నీటిరంగుల బొమ్మలు పెట్టారు. దారం లాగి పట్టుకుని, గోడ ఈ చివరి నుంచి ఆ చివరికి పెన్సిల్‌తో గీత గీసి, ఏడు మేకులూ ఆ గీత మీదే కొట్టారు. ఎంతో శ్రద్ధగా చేసిన పని. తీరా తగిలించాక చూస్తే ఒక పటం పైకి, ఒకటి కిందికి. మేకులు పీకి మళ్ళీ కొట్టి, పీకి మళ్ళీ కొట్టి, సాయంత్రానికి గోడకు పద్నాలుగు కన్నాలు పడ్డాయట. గ్రంథాలయం వాళ్ళు ఏమంటారోనని రాత్రంతా టెన్షన్‌. ఇంకొకాయన గోడ పాడవకూడదని డబుల్ టేపుతో అంటించారు. మధ్యాహ్నం పెద్ద పటం జారిపడి గ్లాసు పగిలింది. గాజు పెంకు తగిలి, బొమ్మలో గోదావరి మీది ఆకాశంలో తెల్లగా గీత పడింది. ఆ ఫోటో చూసి నాకు కడుపు తరుక్కుపోయింది.

టేపు గురించి ఎక్కువ చెప్పను. 2 మిల్లీమీటర్ల గ్లాసు చదరపు మీటరుకు 5 కిలోల బరువుంటుంది. 22×30 అంగుళాల పటంలో గ్లాసు ఒక్కటే రెండు కిలోలు దాటుతుంది. బీడింగు (పటం చుట్టూ ఉండే చట్రం), వెనక హార్డుబోర్డు దానికి అదనం. డిస్టెంపర్ వేసిన గోడ మీద టేపు గోడను పట్టుకోదు, పైనున్న రంగు పొరను పట్టుకుంటుంది. పొర ఊడితే పటమూ ఊడుతుంది. గ్లాసు ఉన్న పటానికి టేపు వాడొద్దు.

ఇక మేకుల వరస. నన్ను అన్నిటికంటే బాధపెట్టే తప్పు ఇదే, ఎందుకంటే శ్రద్ధ ఉన్నవాళ్ళే ఇందులో పడతారు. గోడ మీద సమంగా ఉండాల్సింది మేకులు కాదు, పటాల నడుములు, అంటే పటం ఎత్తులో సరిగ్గా సగం ఉన్న చోటు. చూసేవాళ్ళకు మేకు కనిపించదు. వాళ్ళ చూపు బొమ్మ మధ్యలోకి పోతుంది. ఒక బొమ్మ నుంచి ఇంకో బొమ్మకు నడుస్తున్నప్పుడు ఆ చూపు ఒకే ఎత్తులో సాగాలి. పటం పెద్దదైనా చిన్నదైనా దాని నడుము నేల నుంచి ఒకే ఎత్తులో ఉంటే అలా సాగుతుంది. చాలా గ్యాలరీల్లో ఈ ఎత్తు 57 అంగుళాలు పెట్టుకుంటారు. నేను 55 పెడతాను. మన గ్రంథాలయాలకు వచ్చేది బడిపిల్లలు, పెద్ద వయసు వాళ్ళు. వాళ్ళు తల ఎత్తి చూడాల్సిన అవసరం రాకూడదు.

మేకు ఎత్తు తెలియాలంటే మూడు అంకెలు కావాలి. ఒకటి 55. రెండోది, బీడింగుతో కలిపి పటం ఎత్తులో సగం. మూడోది నేను "తాడు లోతు" అంటాను: పటం బరువంతా వెనక కట్టిన తాడు మీద పడినప్పుడు, తాడు మేకును తాకే చోటు పటం పై అంచుకు ఎంత కింద ఉంటుందో ఆ కొలత. 55కు సగం ఎత్తు కలపండి, తాడు లోతు తీసేయండి. మేకు అక్కడ.

పావు షీటు (పూర్తి కాగితంలో నాలుగో వంతు) బొమ్మ, అడ్డంగా ఉన్నది తీసుకుందాం. మౌంటు (బొమ్మ చుట్టూ పెట్టే అట్ట అంచు), బీడింగు కలిసి పటం ఎత్తు 18 అంగుళాలు. సగం 9. తాడు లోతు 4. అంటే 55 + 9 – 4 = 60. పక్కనే అర షీటు నిలువు బొమ్మ, పటం ఎత్తు 30, సగం 15, తాడు లోతు 6. 55 + 15 – 6 = 64. రెండు మేకుల మధ్య నాలుగు అంగుళాల తేడా, అయినా రెండు నడుములూ 55లోనే. ఇప్పుడు చిన్నది: ఎత్తు 12, సగం 6, తాడు లోతు 2. మేకు 59లో. ఆవిడ గీత 62లో ఉందనుకోండి. మొదటి పటం రెండంగుళాలు పైకి పోతుంది, రెండోది రెండంగుళాలు కిందికి దిగుతుంది, చిన్నది మూడంగుళాలు పైకి లేస్తుంది. ఆ ఫోటోలో జరిగింది ఇదే.

"నా పటాలన్నీ ఒకే సైజు, నాకీ లెక్క ఎందుకు?" అని ఒకరు అడిగారు. ఒకే సైజు పటాలు రెండు తీసుకోండి, రెండూ 18. పటాలు కట్టే కొట్టులో కుర్రాడు ఒకదానికి తాడు బిగించి కట్టాడు, లోతు 2. రెండోదానికి వదులుగా కట్టాడు, లోతు 4. మొదటిదాని మేకు 62, రెండోదానిది 60. తాడు చేత్తో కట్టేది, ఏ రెండూ ఒకేలా ఉండవు. అందుకే ప్రతి పటానికీ విడిగా కొలవాలి.

ఈ కొలతను పటాన్ని మంచం మీద బోర్లా పెట్టి తీయకండి. అప్పుడు తాడు మీద బరువుండదు. నైలాన్ తాడైతే బరువు పడగానే అర అంగుళమైనా సాగుతుంది. తాడు మధ్యలో వేలు పెట్టి పటాన్ని పైకెత్తండి, ఇంకొకరిని వేలి నుంచి పై అంచు దాకా కొలవమనండి. నేనైతే నైలాన్ వద్దని చెప్పి సన్నని జి.ఐ. వైరు (జింకు పూత ఉన్న ఇనుప తీగ) రెండు పేటలు మెలిపెట్టి కట్టిస్తాను. ఒకసారి కొలిస్తే ఆ కొలత మారదు.

ఇంకో మాట. అడుగున్నర కంటే వెడల్పైన ప్రతి పటానికీ నేను రెండు మేకులు కొడతాను, ఆరు అంగుళాల ఎడంలో. ఒక్క మేకు మీదున్న పటం, ఫ్యాను గాలికో, పక్కనుంచి పోయేవాళ్ళ భుజం తగిలో, ఒక పక్కకు వాలుతుంది. రెండు మేకులకు తాడు లోతు కూడా రెండు వేళ్ళతోనే కొలవాలి, ఒక వేలితో తీసిన కొలత పనికిరాదు. రెండు మేకులూ సమంగా ఉన్నాయో లేదో కంటితో చూసి నమ్మొద్దు. మేస్త్రి దగ్గర రసమట్టం (సమంగా ఉందో లేదో గాలి బుడగతో చూపే పనిముట్టు) అడిగి తెచ్చుకోండి.

కిటికీకి ఎదురు గోడ వదిలేయండి. గ్లాసులో బొమ్మకు బదులు కిటికీ కనిపిస్తుంది.

చోటు అడగడం గురించి మూడో పాఠంలో చెప్పాను, మళ్ళీ చెప్పను. జాతీయ గ్రంథాలయ వారోత్సవాలు ఏటా నవంబరు 14 నుంచి 20 దాకా జరుగుతాయని మాత్రం గుర్తుంచుకోండి. ఆ వారం పిల్లలకు పోటీలు పెడతారు, తల్లిదండ్రులూ వెంట వస్తారు. కొత్తగా బొమ్మలు పెట్టేవాళ్ళకు ఇంతకంటే మంచి వారం లేదు. అక్టోబరులోనే వెళ్ళి అడగండి. మేకులకు ఒప్పుకుంటారో లేదో అప్పుడే కనుక్కోండి. తీసేసేటప్పుడు కన్నాలు పుట్టీతో పూడ్చి ఇస్తామని మీరే ముందు చెప్పండి, పూడ్చి ఇవ్వండి కూడా.

ప్రారంభ సభ మాత్రం నేను పెట్టను. కుర్చీలు వేస్తే జనం వేదిక వైపు తిరిగి కూర్చుంటారు, బొమ్మలు వాళ్ళ వెనకపడతాయి.

లేబుల్ విషయం. బొమ్మ పేరు, మాధ్యమం, సంవత్సరం, ధర, మీ పేరు. తెలుగులో, నాలుగడుగుల దూరం నుంచి చదవగలిగేంత పెద్ద అక్షరాల్లో. పటానికి కుడివైపు కింద. పేరు దగ్గర కొంచెం ఆలోచించండి. "సూర్యోదయం" అని రాస్తే చూసి వెళ్ళిపోతారు. "కోటిలింగాల రేవు, కార్తీకంలో తెల్లవారుజామున" అని రాయండి, రాజమండ్రి వాళ్ళు ఆగుతారు. ధవళేశ్వరం ఆనకట్ట గీస్తే ఏ ఒడ్డు నుంచి గీశారో రాయండి. నేను ఒకసారి హేవ్‌లాక్ వంతెన గీసి పెట్టాను. 1900లో రైళ్ళు మొదలై, 1997లో ఆగిపోయిన వంతెన అది. ఒక పెద్దాయన దాని ముందు చాలాసేపు నిలబడి, రైల్లో దాని మీదుగా పోతూ వాళ్ళమ్మ గోదావరిలో డబ్బులు వేయడం గురించి చెప్పారు. ఆ బొమ్మ అమ్ముడుపోలేదు. నేను బొమ్మలు ఊళ్ళోనే పెట్టడానికి కారణం మాత్రం ఆ పెద్దాయనే. ధర రాయండి, లేదా "అమ్మకానికి కాదు" అని రాయండి. ఖాళీగా వదిలితే అడగడానికి మొహమాటపడి వెళ్ళిపోతారు.

అభ్యాసం. ఈసారిది పెద్దది, దయచేసి తప్పించుకోకండి. ఇంట్లో ఉన్న ఐదు పటాలు దించండి, దేవుడి పటాలు కాకుండా. పెళ్ళి ఫోటో, క్యాలెండరు కట్టించిన పటం, ఏదైనా సరే, ఐదూ వేర్వేరు సైజుల్లో ఉండాలి. ఒక్కోదానికీ మూడు అంకెలు కాగితం మీద రాయండి. మేకు ఎత్తు లెక్కకట్టి గోడ మీద పెన్సిల్ చుక్క పెట్టండి. ఐదు చుక్కలూ పెట్టేదాకా సుత్తి ముట్టుకోవద్దు. తర్వాత కొట్టండి, ఒక్కో మేకూ ఒక్కసారే. తగిలించాక నేల నుంచి ప్రతి పటం నడుము దాకా కొలవండి. అర అంగుళం తేడా వస్తే తాడు లోతు మళ్ళీ తీయండి, తప్పు అక్కడే ఉంటుంది.

రాజమండ్రికి దగ్గర్లో ఉన్నవాళ్ళకు ఇంకో పని. దామెర్ల రామారావు చిత్రకళా గ్యాలరీకి వెళ్ళండి. 1925లో చనిపోయేనాటికి ఆ చిత్రకారుడికి ముప్పై ఏళ్ళు కూడా లేవు. ఒక్క బొమ్మ ఎంచుకుని దాని ముందు పది నిమిషాలు నిలబడండి. మీ మెడ ఎటు వంగిందో, ఎంత దూరంలో ఆగారో, దగ్గరకు వెళ్ళాలని ఎప్పుడు అనిపించిందో ఇంటికొచ్చి రాసుకోండి.

ఐదు పటాల కొలతలు రాసిన కాగితం పారేయకండి. ఆరో పాఠంలో పటాల మధ్య ఎడం ఎంత ఉండాలో ఆ అంకెలతోనే లెక్క కడదాం.