కొలనోస్కోపీ: ముందురోజు మందు నుంచి ఇంటికి వచ్చాక దాకా వచ్చే ఇబ్బందులు

కొలనోస్కోపీ అంటే మలద్వారం నుంచి కెమెరా ఉన్న సన్నటి ట్యూబు పంపి పెద్దపేగును చూసే పరీక్ష. ఆ పేరు అనగానే చాలామందికి ట్యూబు గురించే టెన్షన్. పరీక్ష సాధారణంగా అరగంట అటూ ఇటూగా అయిపోతుంది. మత్తు ఇస్తే చాలామందికి అది గుర్తు కూడా ఉండదు. అసలు కష్టం నీళ్లలో కలిపిన విరేచనాల మందు తాగి పేగు శుభ్రం చేసుకోవడంలోనే ఉంది. అది సరిగ్గా కాకపోతే చిన్న పాలిప్‌లు (పేగు లోపలి గోడ మీద పెరిగే బుడిపెలు) కనబడవు, మళ్లీ ఇంకో రోజు రమ్మంటారు.

మందు తాగినా మోషన్ కావడం లేదు

మలబద్ధకం ఉన్నవాళ్లకు, ఏళ్ల తరబడి షుగర్ ఉన్నవాళ్లకు పేగు నెమ్మదిగా కదులుతుంది. ఇంట్లోనే నడుస్తూ, చెప్పిన మోతాదు కొనసాగించండి. మోషన్ అస్సలు కాకుండా పొట్ట ఉబ్బి వాంతులవుతుంటే మాత్రం మందు ఆపేసి ఆసుపత్రికి ఫోన్ చేయండి.

తాగుతుంటే వాంతి వస్తోంది

ఆ ఉప్పటి నీళ్లు గబగబా తాగడం వల్లే ఎక్కువగా ఇలా అవుతుంది. అరగంట ఆగండి. తర్వాత ఫ్రిజ్‌లో చల్లబరిచి, కొంచెం కొంచెంగా తాగండి. మధ్యలో నిమ్మచెక్క చప్పరించవచ్చు. మందులో పంచదార మాత్రం కలపవద్దు.

మోషన్ ఇంకా గోధుమరంగులో, తుక్కుతో వస్తోంది

అన్నిటికన్నా పట్టించుకోవాల్సింది ఇదే. ముందు రెండు మూడు రోజుల్లో తిన్న గోంగూర, తోటకూర, జామకాయ, రాగి సంకటి, టమాటా గింజలు పేగులో మిగిలిపోతాయి. ఐరన్ మాత్రలు మలాన్ని నల్లగా, జిగటగా చేస్తాయి. అందుకే ఆ రోజుల్లో తెల్లన్నం, పెరుగు, ఇడ్లీతో సరిపెట్టుకోండి. ఐరన్ ఎప్పుడు ఆపాలో డాక్టరును ముందే అడగండి. రక్తం పలచబరిచే మాత్రలను సొంతంగా ఆపనే వద్దు.

ఇంకో కారణం, తెల్లవారుజామున లేవలేక రెండో సగం మందు తాగకపోవడం. ముందురోజు సాయంత్రం సగం, పరీక్షకు నాలుగైదు గంటల ముందు మిగతా సగం తాగితేనే పేగు బాగా శుభ్రపడుతుంది. చివరికి లేత పసుపు రంగులో, మూత్రంలా తేటగా రావాలి. అలా రాకపోతే సిగ్గుపడకుండా నర్సుకు చెప్పండి, ఎనిమా (మలద్వారం గుండా మందు నీళ్లు ఎక్కించడం) ఇవ్వడమో ఇంకొంచెం మందు తాగించడమో చేస్తారు. దాచిపెడితే నష్టపోయేది మీరే.

కళ్లు తిరుగుతున్నాయి

ఒంట్లో నీరు, లవణాలు పోవడం వల్ల. ఓఆర్‌ఎస్, కొబ్బరినీళ్లు తాగండి. కిడ్నీ, గుండె జబ్బులున్నవాళ్లు ఏది ఎంత తాగాలో డాక్టరును అడగాలి. షుగర్ ఉన్నవాళ్లు గ్లూకోమీటర్‌తో చూసుకోవాలి. ఇన్సులిన్, మాత్రల మోతాదు ఆ రోజుకు మారుతుంది. ఎర్ర రంగు పానీయాలు వద్దు, పేగులో రక్తంలా కనిపిస్తాయి. పరీక్షకు ముందు మంచినీళ్లు కూడా ఎప్పుడు ఆపాలో ఆసుపత్రి చెప్పిన సమయాన్నే పాటించండి.

ఇంటికొచ్చాక పొట్ట ఉబ్బరం

పరీక్షలో పేగులోకి గాలి పంపుతారు. నడవండి, మొహమాటపడకుండా గ్యాస్ వదలండి, కొన్ని గంటల్లో తగ్గుతుంది. మత్తు తీసుకుంటే ఆ రోజంతా బండి నడపకండి. నొప్పి విపరీతంగా ఉండి పొట్ట గట్టిపడినా, జ్వరం వచ్చినా, రక్తం ఎక్కువగా పోతున్నా వెంటనే ఎమర్జెన్సీకి వెళ్లండి. పాలిప్ తీసినవాళ్లకు రెండు వారాల దాకా కూడా రక్తస్రావం కావచ్చు.